అడుగంటిన బ్యాటరీకి పునరుజ్జీవనము: ఒక సమీక్ష

నెలల తరబడి ఒకేచోట నిలిచిపోయిన మోటారుసైకిలుకు తాళము త్రిప్పినప్పుడు మీటరులో దీపము వెలుగక, హారను పలుకక, సెల్ఫ్ నొక్కినను రిలే చప్పుడైన వినరాకపోయినచో, ఆ బండి యజమానికి ముగ్గురు మూడు విధములుగా హితవు చెప్పుట పరిపాటి. "బ్యాటరీ డెడ్ అయిపోయిందండీ, కొత్తది వేయించుకోండి" అని షాపువాడనును. "రాత్రంతా ఛార్జింగ్ పెట్టు, అదే లేస్తుంది" అని మిత్రుడనును. ఏదో మందు పోసినచో, లేదా ఏదో పల్సు యంత్రము తగిలించినచో పాత బ్యాటరీ కొత్తదగునని మూడవవాడు నమ్మబలుకును. ఈ మూడు మాటలలోను కొంత సత్యము గలదు. ఏ ఒక్కటియు సర్వత్ర సత్యము గాదు. కావున పూర్తిగా డిశ్చార్జియైన బ్యాటరీని బ్రతికించుట సాధ్యమా, సాధ్యమైనచో ఏ మార్గమున, ఏ హద్దువరకు అను ప్రశ్నను, ఇంతవరకు వెలువడిన శాస్త్రజ్ఞానమును, వర్క్‌షాపులలోని అనుభవమును ప్రక్కప్రక్కన నుంచి, ఆమూలాగ్రముగ పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇది స్వల్ప విషయమని తోసిపుచ్చుటకు వీలులేదు. 2020 మార్చి 25వ తేదీన కరోనా లాక్‌డౌనువలన దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు, ఇండ్ల ముందును అపార్టుమెంట్ల సెల్లార్లలోను నిలిచిపోయిన బండ్లలో అనేకము, ఆంక్షలు సడలిన పిమ్మట ఈ స్థితిలోనే దర్శనమిచ్చినవి. ఉద్యోగార్థమో విద్యార్థమో విదేశమునకేగిన కుమారుని బండి తల్లిదండ్రులవద్ద ఆరేసి మాసములు కదలకుండుట మన తెలుగునాట నేడు సామాన్యమైపోయినది. పూర్వకాలపు కార్బురేటరు బండి అయినచో కిక్కు కొట్టియో, నలుగురు కలిసి త్రోసియో కదలించెడివారు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 ప్రమాణములు అమలులోనికి వచ్చి, పెట్రోలును ఇంజనులోనికి పంపు పని సామాన్యముగా విద్యుత్పంపునకును కంప్యూటరునకును అప్పగింపబడిన తరువాత, బ్యాటరీ బొత్తిగా అడుగంటిన బండిని ఎంత త్రోసినను స్టార్టు కానిదే ఎక్కువ. అంతకుమునుపే, 2017 ఏప్రిల్ 1 నుండి, పగలును రాత్రియు హెడ్‌లైటు వెలుగుచునేయుండవలెనను నిబంధన వచ్చి, విద్యుత్తుపై భారమును పెంచినది. అందుచే ఆ సీటు క్రింది చిన్న డబ్బా నేడు బండికి ప్రాణస్థానమైనది.

లోపల జరుగునదేమి?

ఈ బ్యాటరీ జాతికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే. అతడు 1859లో సీసపు రేకులను సజల గంధకికామ్లములో ముంచి, విద్యుత్తును నింపుటకును తిరిగి తీసికొనుటకును వీలుగల ఘటమును నిర్మించెను. 1881లో కమీ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు సీసపు ఆక్సైడు ముద్దను ఫలకములకు పట్టించు పద్ధతిని తెచ్చి, దానిని పరిశ్రమకు పనికివచ్చునట్లు చేసెను. మరుసటి యేడు గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఆంగ్ల రసాయనజ్ఞులు, విద్యుత్తు వాడుకొనునప్పుడు పాజిటివ్ ప్లేటుపైనున్న ముదురు గోధుమవర్ణపు సీసపు డయాక్సైడును, నెగటివ్ ప్లేటుపైనున్న బూడిదరంగు గుల్లసీసమును ఉభయములును సీసపు సల్ఫేటుగా మారుననియు, ఆ మార్పులో యాసిడ్ వ్యయమై నీరు పుట్టుననియు నిరూపించిరి. ఛార్జింగ్ అనగా ఈ వ్యాపారమును వెనుకకు త్రిప్పుటయే. నేటి మోటారుసైకిలు బ్యాటరీలో ప్లేట్లమధ్య గాజునార పరుపు చేరినను, మూత శాశ్వతముగా మూయబడినను, లోపలి రసాయనశాస్త్రము నాటిదే.

ఒక్కొక్క సెల్లు ఇంచుమించు 2.1 వోల్టులు. అట్టివి ఆరు వరుసగా కూడినచో, నిండుగ ఛార్జియై కొన్ని గంటలు విశ్రమించిన బ్యాటరీ 12.6 నుండి 12.8 వోల్టులు చూపును, 12.2 దగ్గర సగము ఖాళీ; 11.8 దగ్గర దాదాపు శూన్యము. దీపము వెలుగుచుండగా వోల్టేజి 10.5కు దిగినచో అంతటితో వాడుక నిలుపవలెనని నియమము. ఈ గీత దాటి, 8, 5, 3 వోల్టులకు జారినదానినే అడుగంటిన బ్యాటరీ అనుచున్నాము.

ఇచ్చట గ్రహింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. సీసపు సల్ఫేటు పుట్టుట రోగము కాదు. అది ప్రతిదినము జరుగు సహజ క్రియ. అప్పుడే పుట్టిన సల్ఫేటు అతిసూక్ష్మమైన స్ఫటికములుగా, విశాలమైన ఉపరితలముతో ఉండును గనుక, ఛార్జింగ్ అందగానే సులభముగ కరిగి మరల సీసముగను డయాక్సైడుగను మారిపోవును. కాని దానిని అట్లే వదలివేసినచో, చిన్న స్ఫటికములు కరిగి పెద్దవానిపై పేరుకొనుచు, పెద్దవి మరింత పెద్దవగుచు, మొత్తపు ఉపరితలము నానాటికి తగ్గిపోవును. పంచదార నీటిలో క్షణములో కరగగా, అదే పదార్థమైన పటికబెల్లపు ముక్క గంటల తరబడి గ్లాసు అడుగున మిగిలియుండుట యెట్టిదో, ఈ ముదిరిన సల్ఫేటు తీరు అట్టిది. పదార్థము మారలేదు, కరగుటకు పట్టు కాలము మారినది.

దీనికి తోడు, పూర్తిగా అడుగంటిన బ్యాటరీలో యాసిడ్ దాదాపు నీరైపోవుటచేత మరియొక అపాయము పొంచియుండును. గాఢమైన యాసిడ్‌లో కరగుట కష్టమైన సీసపు సల్ఫేటు, నీరువంటి పలుచని ద్రవములో కొంత ఎక్కువగా కరగి, ప్లేట్లను వేరుచేయు సెపరేటరు రంధ్రములలోనికి చొచ్చుకొనిపోవును. పిమ్మట ఛార్జింగ్ పెట్టినప్పుడు అచ్చటనే సన్నని సీసపు పోగులుగా ఏర్పడి, రెండు ప్లేట్లను కలిపివేయును. అంతట ఆ సెల్లు షార్టగును. సల్ఫేటు ముదిరిన బ్యాటరీకి ఆశ కలదు. షార్టైన సెల్లునకు లేదు. పాజిటివ్ ప్లేటు జాలకము తుప్పుపట్టి తెగిపోయినను, ప్లేటుపైనున్న పదార్థము రాలి అడుగున చేరినను, ఏ ఛార్జరును ఏమియు చేయజాలదు.

కావున "ఎన్ని వోల్టులు చూపుచున్నది?" అనుదానికంటె "ఎంతకాలము అట్లు పడియున్నది?" అనునదే మొదట అడుగదగిన ప్రశ్న. రాత్రి తాళము తీయుట మరచి హెడ్‌లైటుతో సున్నకు దిగిన బ్యాటరీ మరునాడే ఛార్జింగునకు వచ్చినచో ఇంచుమించు సంపూర్ణముగ కోలుకొనును. 11 వోల్టుల దగ్గరనే ఆగినను, ఎండకాలమంతయు అట్లే పడియున్నది కోలుకొనకపోవచ్చును. లోతుకంటె కాలమే ఘాతుకము.

మన వేసవి ఈ ఘాతుకమునకు చేయూతనిచ్చును. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది, బ్యాటరీ తనంతట తాను డిశ్చార్జియగు వేగము ఇంచుమించు రెట్టింపగును. రెంటచింతలలోను రామగుండములోను పాదరసము 45 డిగ్రీలు దాటు దినములలో రేకుల షెడ్డు క్రింద నిలిచిన బండి స్థితిని దీనినిబట్టియే ఊహించుకొనవచ్చును. దీనికి గడియారము, అలారము, జీపీఎస్ వంటివి నిరంతరము త్రాగు అల్పవిద్యుత్తును కలుపుడు: 5 మిల్లీ ఆంపియర్లు మాత్రమే పోవుచున్నను, దినమునకు 0.12 ఆంపియర్-గంటల చొప్పున 5 ఆంపియర్-గంటల బ్యాటరీ నలువది దినములలో అడుగంటును.

మందగతి ఛార్జింగ్: ప్రధాన చికిత్స

పైని చెప్పిన కారణమునుబట్టియే చికిత్స కూడ నిర్ణయమగుచున్నది. ముదిరిన స్ఫటికము తన ఉపరితలము అనుమతించినంత వేగముననే కరగును. అంతకు మించిన కరెంటును బలవంతముగ పంపినచో, మిగిలినది నీటిని హైడ్రోజను, ఆక్సిజనులుగ విడగొట్టుటకును బ్యాటరీని వేడెక్కించుటకును వ్యయమగునేగాని సల్ఫేటును కరగించుటకు గాదు. మామూలు ఛార్జింగునకు సామర్థ్యములో పదవవంతు, అనగా 5 ఆంపియర్-గంటల బ్యాటరీకి అర ఆంపియరు, ఆచారసిద్ధమైన కొలత. అడుగంటినదానికి అందులో సగము, పావు ఆంపియరే చాలును. అది నిండుటకు ఇరువది నాలుగు గంటలో ముప్పది గంటలో పట్టునని ముందుగనే మనస్సునకు నచ్చజెప్పుకొనవలెను.

బ్యాటరీని బండినుండి విప్పి, మొదట నెగటివ్ తీగను, పిదప పాజిటివ్ తీగను తొలగించి, గాలియాడుచోట నుంచుట ప్రథమ కర్తవ్యము. ఛార్జింగులో వెలువడు హైడ్రోజను గాలిలో నూటికి నాలుగువంతులు చేరినచో నిప్పురవ్వకు ప్రేలును గనుక వంటగదియు, దేవుని దీపము వెలుగు గదియు ఇందుకు తగవు. మూతలు తీయు పాతరకపు బ్యాటరీ అయినచో ప్లేట్లు మునుగునంతవరకు మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి, గుర్తుగీతవరకు నింపుటను ఛార్జింగ్ ముగిసినపిమ్మట చేయవలెను. ఏలయన ఛార్జింగులో ద్రవమట్టము పైకి లేచును.

ఇప్పుడు మల్టీమీటరును దగ్గరనుంచుకొని గమనించువానికి ఒక విచిత్రమైన దృశ్యము గోచరించును. 3 వోల్టులు మాత్రమే చూపుచుండిన బ్యాటరీకి ఛార్జరును తగిలించిన కొద్ది నిమిషములలోనే వోల్టేజి 14కో 15కో ఎగబ్రాకును. తెలియనివాడు "నిండిపోయింది" అని విప్పివేయును. కాని అదే సమయమున కరెంటును కొలిచినచో కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు మాత్రమే ప్రవహించుచుండును. సల్ఫేటు విద్యుత్తును సరిగా ప్రసరింపనీయక అడ్డుపడుటచేత పుట్టిన మాయ ఇది. ఓపికతో నాలుగైదు గంటలు వదలినచో, పైకెక్కిన వోల్టేజి మెల్లగ 12, 13లకు దిగివచ్చును, కరెంటు పెరుగనారంభించును. వోల్టేజి తగ్గి కరెంటు పెరుగుటయే బ్యాటరీ కోలుకొనుచున్నదనుటకు ప్రథమ నిదర్శనము. ఆ తరువాత సహజరీతిని మరల 14.4 వరకు మెల్లమెల్లగ ఎక్కును. ఒక దినము గడచినను కరెంటు పెరుగకున్నచో ప్లేట్లు ఎండినవో, జాలకము తెగినదో, సల్ఫేటు మితిమీరి ముదిరినదో యని తలపవలెను. వోల్టేజి 10.5 దాపుననే నిలిచి, ఎంతసేపటికిని కదలకున్నచో ఒక సెల్లు షార్టైనదని తలపవలెను. ఐదు సెల్లులు 2.1 వంతున ఇచ్చు మొత్తము అదియే గదా! డబ్బా చేతికి బాగుగ వేడి తగులుచున్నచో వెంటనే ఆపవలెను.

మన పట్టణములలోని బ్యాటరీ షాపుల ఆచారమును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. పనివత్తిడిలో వేర్వేరు సామర్థ్యములుగల బ్యాటరీలను ఒకే వరుసలో కలిపి, ఒకే ఛార్జరుతో నింపుట అచ్చటచ్చట కనబడును. వరుసలోని ప్రతి బ్యాటరీయందును ఒకే కరెంటు ప్రవహించును గనుక, బుల్లెట్టుకు వాడు 14 ఆంపియర్-గంటలదానికి తగిన కరెంటు, దాని ప్రక్కనున్న 3 ఆంపియర్-గంటల చిన్నదానికి పీడయగును. చిన్నదానికి తగిన కరెంటును విడిగా పెట్టుమని కోరుట యజమానికి హక్కు.

ఛార్జరు నిరాకరించినప్పుడు

నేటి ఆటోమేటిక్ ఛార్జర్లలో పెక్కు, తగిలించిన బ్యాటరీలో కొన్ని వోల్టుల కనీస మట్టము లేనిచో పని మొదలుపెట్టవు. తీగలు తారుమారైనప్పుడు గాని షార్టైన బ్యాటరీ వచ్చినప్పుడు గాని అపాయము కలుగకుండుటకు ఏర్పరచిన రక్షణ ఇది. దీనిని చూచి బ్యాటరీ చచ్చినదని నిర్ణయించుట తొందరపాటు. దీనిని దాటుటకు మూడు మార్గములున్నవి: కరెంటును, వోల్టేజిని మన యిష్టానుసారము నియమించుకొనదగిన బెంచి సప్లయి, ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేయు పాతరకపు ఛార్జరు, మంచి బ్యాటరీతో జత కలుపుట. చివరిది ఎక్కువగా ఆచరణలో నున్నను, రెండింటిని నేరుగా కలుపుట మంచిది గాదు. లోపల షార్టున్నచో మంచి బ్యాటరీలోని కరెంటంతయు ఒక్కుమ్మడిగ ప్రవహించును. పాజిటివ్‌తో పాజిటివ్‌ను కలుపు తీగలో 5 వాట్ల టెయిల్‌లైట్ బల్బును నడుమనుంచినచో కరెంటు అర ఆంపియరులోపుననే యుండును. పైగా ఆ బల్బు చక్కని సాక్షియగును. మసకగ వెలిగినచో, లేక వెలుగకున్నచో సల్ఫేటు అడ్డుపడుచున్నది. గంటల తరబడి నిండుగ వెలుగుచునే యున్నచో సెల్లులు షార్టైనవేమోయని అనుమానింపవలెను. వోల్టేజి 10.5 దాటిన పిదప ఛార్జరు తన పనికి తాను పూనుకొనును.

పల్సులు, మందులు, విశ్వాసములు

క్షణక్షణము విద్యుద్ఘాతములనిచ్చి స్ఫటికములను బ్రద్దలుకొట్టునని ప్రకటించు పల్సు యంత్రములు ఇప్పుడు విరివిగ అమ్ముడగుచున్నవి. స్ఫటికములు ఒకానొక పౌనఃపున్యమున కంపించి రాలిపోవునను వాదమునకు విశ్వసనీయమైన ఆధారము కానరాదు. వీనిని వాడినవారికి కొన్నిసార్లు ఫలితము కనబడుట నిజమే. కాని అవి పంపు కరెంటు స్వల్పము, పంపు కాలము దీర్ఘము. ఆ రెండును మందగతి ఛార్జింగునకు లక్షణములే. సామాన్యమైన చిన్న ఛార్జరును అంతకాలము తగిలించి, రెంటిని పోల్చిచూడనిదే గౌరవము పల్సుకు దక్కవలెననుట న్యాయము గాదు.

మందుల కథ మరింత పూర్వమైనది, మరింత బోధకమైనది. అమెరికాలో కాలిఫోర్నియాయందలి ఓక్లండు నగరమున జెస్ రిచీ అను వ్యాపారి ఎ.డి.ఎక్స్.2 అను పొడిని, పాత బ్యాటరీలకు ప్రాణము పోయునదిగ చాటి విక్రయించెను. అందు ప్రధానముగ నున్నవి సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు అను సామాన్య లవణములే. రెండవదానిని మనము ఎప్సమ్ సాల్టు అందుము. ఆ దేశపు జాతీయ ప్రమాణ సంస్థ ఇట్టి లవణములను పరీక్షించి, ఇవి నిష్ప్రయోజనములని ప్రకటించినది. వ్యాపారి రాజకీయ నాయకుల నాశ్రయించెను. 1953లో వాణిజ్య కార్యదర్శి సింక్లెయిర్ వీక్స్ ఆ సంస్థ డైరెక్టరైన ఆలెన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయుమని ఒత్తిడి చేసెను. దేశములోని శాస్త్రజ్ఞలోకమంతయు తిరుగబడగా ఆస్టిన్ తన పదవిని నిలుపుకొని 1969 వరకు అందు కొనసాగెను. జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన సంఘము కూడ 1953లోనే విచారించి, ఆ పొడికి గుణము లేదనియే తేల్చినది. ఒక చిన్న బ్యాటరీ మందు నిజానిజములకొరకు ఒక ప్రభుత్వశాస్త్రవేత్త తన పదవిని పణముగ నొడ్డవలసివచ్చిన ఆ ఉదంతము, ఈ విషయమున రుజువు ఎంత విలువగలదో, నమ్మకము ఎంత బలవత్తరమైనదో యుగపత్తుగ తెలుపుచున్నది.

అయినను ఆ లవణములలో ఒకదానికి తగిన చోటున్నది. సోడియం సల్ఫేటును స్వల్పమాత్రలో తయారీ సమయముననే యాసిడ్‌లో కలుపుట బ్యాటరీ పరిశ్రమలో ఆచారము. యాసిడ్ నీరైపోయిన దశలో సీసపు సల్ఫేటు అధికముగ కరగకుండ అది అడ్డుపడి, పైని చెప్పిన సీసపు పోగులు పుట్టకుండ తోడ్పడును. రాబోవు కీడును వారించు గుణము దానికి గలదు. వచ్చిన కీడును మాన్పు గుణము లేదు. ఎప్సమ్ సాల్టు పోయగానే "పని చేసింది" అని తోచుటకు, ఆ తరువాత పెట్టిన దీర్ఘమైన ఛార్జింగే కారణమని నా దృఢాభిప్రాయము.

తలపెట్టరాని పనులు

అడుగంటిన బ్యాటరీలో కొత్త యాసిడ్ పోయుట మన షాపులలో పాతుకొనిపోయిన దురాచారము. యాసిడ్ ఎచ్చటికిని పోలేదు. అది సల్ఫేటు రూపమున ప్లేట్లయందే యున్నది. కొత్తది పోసినచో, యాసిడ్ సాంద్రతను కొలుచు హైడ్రోమీటరు వెంటనే సంతోషకరమైన అంకెను చూపును. కాని ఛార్జింగులో పాత యాసిడ్ బయటికి వచ్చి, రెండును కూడి, గాఢత మితిమీరి, జాలకమును సెపరేటరును తినివేయును. ఆవిరియైపోవునది నీరు గనుక పోయదగినది డిస్టిల్డ్ వాటరే.

యాసిడ్‌నంతయు వంపి, నీరు నింపి, అతిమందగతిని ఛార్జిచేసి, సల్ఫేటును కరగించు పద్ధతి మూతలు తీయు బ్యాటరీలకు పూర్వమునుండి కలదు. పలుచని ద్రవములో సల్ఫేటు ఎక్కువ కరగునను సూత్రమే దానికి ఆధారము. సూత్రము సత్యమే. కాని వంపునప్పుడు అడుగునున్న మడ్డి లేచి ప్లేట్లమధ్య చిక్కుకొనుట, యాసిడ్ చర్మముపైని కన్నులలోను పడుట, వంపిన యాసిడ్ మురికికాలువలో చేరుట అను మూడు అనర్థములు దానిని వెన్నంటియుండును. వేయి, పదిహేను వందల రూపాయల వస్తువుకొరకు ఇంటివద్ద ఈ సాహసము తగదు.

మూసివేయబడిన మెయింటెనెన్స్-ఫ్రీ బ్యాటరీలలో గాజునార పరుపు ద్రవమును పీల్చుకొనియుండును. తిరుపతి సమీపమున కరకంబాడిలోని అమరరాజా సంస్థవంటి మన పరిశ్రమలు నేడు ద్విచక్రవాహనములకు విరివిగ తయారుచేయునది ఈ రకమే. పై పట్టీని ఊడదీసి, రబ్బరు టోపీలను తొలగించి, ఒక్కొక్క సెల్లులో కొన్ని మిల్లీలీటర్ల నీరు పోసి లేపితిమని చెప్పువారున్నారు. ఎండిపోయినదానికి అది కొంత ఊరటనిచ్చుట అసంభవము గాదు. సల్ఫేటు ముదిరినదానికి నీటితో నిమిత్తము లేదు. టోపీలు యథాస్థానమున బిగియకున్నచో లోపలి వాయువులు మరల నీరుగ కలియు ఏర్పాటు భగ్నమగును. పాజిటివ్, నెగటివ్‌లను తారుమారుచేసి ఛార్జిచేయు ప్రయోగము మాత్రము సర్వథా వర్జ్యము. నెగటివ్ ప్లేటును గుల్లగా నిలుపుటకు చేర్చిన పదార్థములు దానివలన నశించును. ఇక లిథియం బ్యాటరీలకు ఈ వ్యాసములోని ఏ చికిత్సయు వర్తింపదు. మితిమీరి అడుగంటిన లిథియం సెల్లులలో రాగి కరిగి, మరల ఛార్జి చేసినప్పుడు లోపల షార్టు ఏర్పడి అగ్నిప్రమాదము సంభవింపగలదు.

బ్రతికినదని ఎట్లు నిశ్చయించుట?

ఛార్జరునుండి విప్పగానే చూపు వోల్టేజిని నమ్మరాదు. కనీసము పండ్రెండు గంటలు ఊరకుంచి కొలిచినప్పుడు 12.6 పైగా నిలిచినచో మొదటి పరీక్ష నెగ్గినట్లు. మూతలు తీయు రకమైనచో హైడ్రోమీటరుతో ఆరు సెల్లులను పరీక్షింపవలెను. నిండిన సెల్లు 1.260, 1.280లకు మధ్య చూపును. ఒక సెల్లు తక్కినవానికంటె 0.050 మేర వెనుకబడియున్నచో ఆ సెల్లు పోయినదనియే తలపవలెను.

వోల్టేజి ఛార్జింగ్ ఉన్నదని చెప్పునేగాని ఎంత పట్టగలదో చెప్పదు. దానిని తెలిసికొనుటకు ఇంట నున్న సాధనమే చాలును. 5 వాట్ల టెయిల్‌లైట్ బల్బు ఇంచుమించు 0.4 ఆంపియర్లు తీసికొనును. ఆరోగ్యముగనున్న 5 ఆంపియర్-గంటల బ్యాటరీ దానిని పది పండ్రెండు గంటలు వెలిగించి, అప్పటికిగాని 10.5 వోల్టులకు దిగదు. ఆరు గంటలు వెలిగినచో సగము శక్తి మిగిలినదని అర్థము. రెండు గంటలలో దిగిపోయినచో ఆ బ్యాటరీ సెల్ఫ్‌కు ఉపకరింపదు. ఇట్లు ఒకసారి దింపి, వెంటనే మందగతిని నింపి, మరల దింపినచో కొన్ని బ్యాటరీలు ఆవృత్తి ఆవృత్తికి బలము పుంజుకొనుట గలదు. మూడవ ఆవృత్తికిని అభివృద్ధి కానరానిచో అంతటితో విరమించుట వివేకము. చివరి పరీక్ష బండిలోనే: సెల్ఫ్ నొక్కుచుండగా వోల్టేజి 9.5కు దిగువకు పడిపోవుచున్నచో, లోపలి నిరోధము ఇంకను తగ్గలేదన్నమాట.

ఈ పరీక్షలన్నియు నెగ్గిన బ్యాటరీ కూడ మునుపటి నిండు సామర్థ్యమునకు చేరుట అరుదు. నగరములో దినదినము తిరుగు బండికి అది మరికొంతకాలము చక్కగ పనిచేయును. దూరప్రయాణమునకును, రాత్రివేళ ఆస్పత్రికి పరుగెత్తవలసిన ఇంటి బండికిని దానిని నమ్ముకొనుట తగదు.

మూలకారణము

బ్రతికించిన బ్యాటరీని బండిలో బిగించి, అది అడుగంటుటకు కారణమేమో విచారింపకున్నచో శ్రమ యంతయు వృథా. ఇంజను ఓ మోస్తరు వేగమున తిరుగునప్పుడు టెర్మినళ్లవద్ద 13.5 నుండి 14.8 వోల్టులుండవలెను. తక్కువైనచో బ్యాటరీ నిండదు, ఎక్కువైనచో ఉడికిపోవును. ఉభయత్ర స్టేటరునో రెగ్యులేటరునో పరీక్షింపవలెను. తాళము తీసినపిమ్మటకూడ కొన్ని మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు పోవుచున్నచో, తరువాత అమర్చిన అలారమునో అదనపు దీపములనో అనుమానింపవలెను. వదులైన టెర్మినళ్లు, పేరుకొన్న తెల్లని పొడి, దినమునకు రెండు మూడు కిలోమీటర్లే తిరుగుచు పదిసార్లు సెల్ఫ్ నొక్కు వాడుక కూడ ఈ కోవలోనివే. బండి నెలకు మించి నిలిచియుండునని తెలిసినప్పుడు నెగటివ్ తీగను విప్పియుంచుట, నెలకొక పర్యాయము ఛార్జింగ్ పెట్టుట అను రెండు పనులే తరువాతి చికిత్సలన్నిటికంటె మేలు. తాళము వేసి అయిదు నిమిషములు ఇంజనును త్రిప్పి ఆపివేయుట మేలుచేయదు. స్టార్టు చేయుటకు పోయిన విద్యుత్తు అంతలో తిరిగి రాదు.

సమీక్షాఫలితము

పై విచారణనంతటిని సమన్వయించినచో మూడు నిర్ణయములు తేలుచున్నవి. కొద్దిదినముల క్రితమే అడుగంటినది, సెల్లు షార్టు కానిది, మూడు నాలుగేండ్లు మించనిది అయిన బ్యాటరీని పారవేయుట దుర్వ్యయము. మందగతి ఛార్జింగునకు అది లొంగును. నెలల తరబడి పడియున్నది సందేహాస్పదము; ఒకటి రెండు దినముల ఛార్జింగ్, బల్బు పరీక్ష దాని భవిష్యత్తును తేల్చును. 10.5 వద్ద నిలిచిపోవునది, ఉబ్బినది, పగిలినది, ఎండినది చికిత్సకు అర్హము గాదు. చికిత్స ఎచ్చట ఫలించినను అందు పనిచేసినది స్వల్పమైన కరెంటు, సుదీర్ఘమైన కాలము అను రెండే. పోసిన మందులకును మెరిసిన యంత్రములకును దక్కిన కీర్తి వీనినుండి అరువు తెచ్చుకొన్నదే.

ఇక పనికిరాదని తేలినదానిని ఏమి చేయవలెననునది యజమాని ఇష్టమునకు వదలిన విషయము గాదు. బ్యాటరీ బరువులో సగమునకు పైగా సీసము, సీసపు సమ్మేళనములే. చిల్లర వ్యాపారి దానిని వీధిలో బ్రద్దలుకొట్టి, యాసిడ్‌ను నేలపాలుచేసి, సీసమును బహిరంగముగ కరగించినచో ఆ ధూళియు పొగయు చుట్టుప్రక్కల పసిపిల్లల రక్తములో చేరి వారి బుద్ధివికాసమును కుంటుపరచును. పాత బ్యాటరీని విక్రేత తిరిగి తీసికొనవలెనని 2001 నాటి నియమములు విధించినవి; వాని స్థానమున వచ్చిన 2022 నాటి బ్యాటరీ వ్యర్థ నిర్వహణ నియమములు ఆ బాధ్యతను తయారీదారులమీదనే మోపినవి. కొత్తది కొనునప్పుడు పాతదానిని షాపులో ఇచ్చినచో ధరలో కొంత తగ్గింపు లభించును, సీసము మరల కర్మాగారమునకు చేరి కొత్త బ్యాటరీయగును. బ్రతుకదగినదానికి రెండు దినముల ఓపికను, బ్రతుకజాలనిదానికి తిన్నని దారిని చూపుట వాహనమున్న ప్రతి గృహస్థునకును సాధ్యమైన పని. అందులకు కావలసినది ఒక మల్టీమీటరు, ఒక చిన్న బల్బు, తొందరపడని మనస్సు మాత్రమే.